నేరేడుపండు రంగు కారు

వీరదుర్గ కాపురంలో నేర్చుకున్న మొదటి పని వంట కాదు, కారు కడగడం. పెళ్ళయిన మూడో రోజు పొద్దున్నే మొగుడు చిట్టియ్య బకెట్టూ గుడ్డా చేతికిచ్చి, "పైనుంచి కిందకి కడగాలి, తెలిసిందా? కిందనుంచి పైకి రుద్దావంటే గీతలు పడిపోతాయి" అన్నాడు. కారు వాళ్ళది కాదు. రావులపాలెంలో ఒక ఆసామిది. చిట్టియ్య దాన్ని అద్దెకి తిప్పే డ్రైవరు. తెల్ల అంబాసిడర్. పెళ్ళిళ్ళకీ, అన్నవరం మొక్కులకీ, కాకినాడ ఆసుపత్రికీ తిరిగొచ్చి వాకిట్లో ఆగేది. దాన్ని మళ్ళీ తెల్లగా చెయ్యడం వీరదుర్గ వంతు. లోపల తుడిస్తే సరిపోదు, కడగాల్సిందే. దాని అడుగున రబ్బరు బిరడాలుండేవి. పట్టాలు తీసి బయట పడేసి, బిరడాలు లాగేసి, రెండు బకెట్ల నీళ్ళు గుమ్మరిస్తే జనం ఉమ్మినదీ, పిల్లలు కక్కినదీ అంతా కిందనుంచి కారిపోయేది. అలా పంతొమ్మిదేళ్ళు కడిగింది. ఆ పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా ఆ కారెక్కలేదు. "నువ్వెక్కి కూర్చుంటే బోణీ ఏమైపోవాలే? మొదటి కాలు డబ్బిచ్చేవాడిది పడాలి" అనేవాడు చిట్టియ్య. గణేష్‌బాబు కడుపున పడి నెలలు నిండి నొప్పులొచ్చిన రోజు కారు వాకిట్లోనే ఉంది. మధ్యాహ్నం ఎవరిదో నిశ్చితార్థానికి మాట్లాడుకున్న బండి అది. వీరదుర్గ రిక్షాలో వెళ్ళింది. పురిటి స్నానమైన మర్నాడే వీధిలోంచి కేక వినిపించింది: "ఏమే, పట్టాలు కంపు కొడుతున్నాయి."

చిట్టియ్య పోయి పన్నెండేళ్ళయింది. అతను పోయాక వీరదుర్గ కడియపులంక నర్సరీల్లో అంటు కట్టే కూలికి చేరింది. ఆమె కట్టిన మామిడి అంటు నూటికి తొంభై అయిదు బతికేది. ఆ చేతి పేరు మీదే మెల్లగా ఇంటిని ఆనుకుని కాలువ పక్కన అరెకరం కౌలుకి తీసుకుని, ఆకుపచ్చ నీడవల కింద సొంతంగా మొక్కలు పెంచడం మొదలుపెట్టింది. మొక్కలకి కట్టే పేరు చీటీలు మరొకరి చేత రాయించుకోవడం తలవంపుగా తోచి, నలభై ఆరో ఏట ఆదివారం మధ్యాహ్నాలు చర్చి వరండాలో రూబీ టీచరు దగ్గర అక్షరాలు దిద్దుకుంది. ఇంట్లో అందరికీ అదొక నవ్వులాట. "సంతకం వస్తే చాలదేంటే అమ్మా, కలెక్టరువి అయిపోతావా?" అన్నాడు గణేష్‌బాబు. చిట్టియ్య అన్నగారు తాతాజీ కూడా ఆ ఇంట్లోనే ఉంటాడు. ఆయన పేపరు మడిచి, "ఈవిడ పేపరు చదువుతా కూర్చుంటే మనకి కాఫీ ఎవరిస్తార్రా?" అన్నాడు. నవ్వి ఊరుకున్నారు. ఆ తర్వాత ఆమెకి చదవడం వచ్చిందో లేదో ఎవరూ అడగలేదు.

ఇంట్లో రెండు గదులూ ఒక హాలూ. ఒక గది కొడుకూ కోడలిది, ఒక గది బావగారిది. వీరదుర్గ మంచం హాల్లో, టీవీ వెనక. టీవీ ఆగాకే ఆమె పడుకోవాలి, పాల మనిషి గంట కొట్టకముందే లేవాలి. ఆ ఇంట్లో ఆమె మూసుకోగలిగిన తలుపు ఒక్కటే, అది పెరట్లో బాత్రూం తలుపు. దాన్ని కూడా రెండు నిమిషాలకోసారి ఎవరో ఒకరు తట్టేవారు. నా టవలు ఏదే అమ్మా? అత్తయ్యగారూ, పాలు పొంగిపోతున్నాయండీ, ఎక్కడున్నారు? అమ్మాయ్, నా మాత్రలెక్కడ పెట్టావు? ఏళ్ళ తరబడి నిద్రలోనూ ఎవరో పిలుస్తున్నట్టే ఉండేది ఆమెకి. లేచి కూర్చునేది. ఎవరూ పిలిచి ఉండరు. మళ్ళీ నిద్ర పట్టేది కాదు.

రాజమండ్రిలో సూర్యకళ గారని ఒక డాక్టరమ్మ మేడ మీద తోట పెంచేది. మొక్కలన్నీ వీరదుర్గ దగ్గరే కొనేది. కిందటి శ్రావణంలో ఒకరోజు కుండీలు దింపి వచ్చేసే వేళకి కుంభవృష్టి పట్టుకుంది. డాక్టరమ్మ తన కారు తీసింది. జర్మనీ కారు, నేలకి ఆనుకున్నట్టు కిందకి ఉంటుంది, బాగా పండిన నేరేడుపండు రంగు. వీరదుర్గ అలవాటుగా వెనక తలుపు దగ్గర నిలబడింది. "ముందు కూర్చో దుర్గా. వెనకెయ్యడానికి నువ్వేమన్నా కుండీవా?" అంది డాక్టరమ్మ. కూర్చుంది. తలుపు లాగింది. ఠప్పున మూసుకుంది. అంతే, లోకం ఆగిపోయింది. వాన అద్దం మీద కొడుతోంది గాని చప్పుడు లేదు. లారీలు పక్కనించి పోతున్నాయి గాని హారన్లు ఎక్కడో పొరుగూళ్ళో మోగుతున్నట్టున్నాయి. సీటు ఆమె నడుముని రెండు చేతులతో పట్టుకున్నట్టుంది. వేమగిరి దాటడం ఆమెకి తెలీదు. కళ్ళు తెరిచేసరికి వాన వెలిసింది, కారు కడియపులంక వంతెన దగ్గర ఆగి ఉంది, డాక్టరమ్మ ఫోను చూసుకుంటోంది. "అరగంటయింది వచ్చి. అంత నిద్ర పోతున్నావు, లేపబుద్ధి కాలేదు" అంది. వీరదుర్గకి సిగ్గేసింది. ఇంటికి నడిచి వెళ్తుంటే కళ్ళవెంట నీళ్ళు ఎందుకొస్తున్నాయో అర్థం కాలేదు. అరగంట తను నిద్రపోవాలని ఒక మనిషి కదలకుండా కూర్చోవడం ఆమె బతుకులో అదే మొదటిసారి.

దసరా ముందు డాక్టరమ్మ, నడుం నొప్పితో ఆ కిందకుండే సీట్లోంచి లేవలేకపోతున్నాననీ, పదకొండేళ్ళ కారు గనక ఎంతకొస్తే అంతకి అమ్మేస్తాననీ చెప్పింది. మట్టి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వీరదుర్గ అడిగింది.

"నాకిస్తారాండీ?"

"నీకా! నడపడం వచ్చా?"

"రాదండి."

"మరి ఎందుకు?"

"కూర్చోడానికండి."

డాక్టరమ్మ నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేసింది. రోడ్ల పక్కన నాటే మొక్కల ఆర్డరు ఒకటి ఆ ఏడు వీరదుర్గకి కలిసొచ్చింది. ఆ డబ్బుతో గణేష్‌బాబు మొక్కలు తోలే ట్రాలీ బండి కొనాలనుకుంటున్నాడు. జర్మనీ కారు అనగానే ట్రాలీ మాట మర్చిపోయాడు. "నా పేరు మీద రాయించవే అమ్మా, తిప్పేది నేనే కదా" అన్నాడు. డాక్టరమ్మ ఒప్పుకోలేదు. "అడిగింది దుర్గ, నేను అమ్మేది దుర్గకి" అంది. కాగితాల మీద వీరదుర్గ తన పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా, కూడబలుక్కుంటూ రాసింది. అప్పుడు డాక్టరమ్మ ఒక తెల్లకాగితం తీసి, పెద్ద పెద్ద తెలుగు అక్షరాలతో అయిదు జాగ్రత్తలు రాసిచ్చింది. స్పీడు బ్రేకరు మీద ఏటవాలుగా ఎక్కించాలి. నెలకోసారైనా గాలి చూపించాలి. అలాంటివే ఇంకో రెండు. ఆఖరిదాని కింద రెండుసార్లు గీత గీసింది. "ఇది అన్నిటికన్నా ముఖ్యం, చదివి నీ కొడుక్కి చెప్పు" అంది. వీరదుర్గ ఇంటికొచ్చి వంటింటి గట్టు మీద కాగితం పెట్టుకుని, వేలు ఆనించి అయిదూ చదివింది. గణేష్‌బాబు నీళ్ళకోసం వచ్చి, "ఏంటే, పట్టిపట్టి చూస్తున్నావు, అదేమన్నా బొమ్మా?" అని వెళ్ళిపోయాడు. ఆగి ఉంటే చెప్పేదే. కాగితం మడిచి, రూబీ టీచరు ఇచ్చిన నోటు పుస్తకంలో పెట్టింది.

అమ్మవారి గుడి ముందు పూజ చేయించారు. చక్రాల కింద నిమ్మకాయలు, బానెట్టు మీద పసుపు స్వస్తిక్, చామంతి దండ. "ముత్తైదువ చేత దిష్టి తీయించండి" అన్నాడు పూజారి. కోడలు రామతులసి హారతిచ్చింది. వీరదుర్గ కారుకి ఎదురుగా నిలబడి, నేరేడు రంగు మీద దీపం మెరవడం చూస్తోంది. తాతాజీ మెల్లగా దగ్గరికొచ్చాడు.

"అమ్మాయ్, నువ్వు కాస్త వెనక్కుండు. మొదటి కదలిక కదా."

"నా కారే కదండి బావగారూ."

"కాదని ఎవరన్నారు? నీ కారు బాగుండాలనే చెప్తున్నాను."

వెనక్కి వెళ్ళి నిలబడింది. నిమ్మకాయలు చితికిన చప్పుడయింది, పొగ గొట్టంలోంచి వేడి గాలి మొహాన కొట్టింది. మొగుడున్నప్పుడు బోణీకి పనికిరాలేదు, మొగుడు పోయాక ఎదురుకి పనికిరాలేదు. కోపం రాలేదు ఆమెకి. కోపానికి ఓపిక కావాలి.

కారు నీడవల కింద పెట్టుకున్నారు. మొదటి వారం, మొక్కలకి నీళ్ళు పెట్టి వచ్చిన మధ్యాహ్నం ఒకసారి తలుపు తీసుకుని కూర్చుంది. అయిదు నిమిషాలు కాలేదు, రామతులసి అద్దం తట్టింది. "అదేంటండీ అత్తయ్యగారూ, మిట్టమధ్యాహ్నం ఒక్కరూ కారులో కూర్చున్నారు? చూసినవాళ్ళు ఇంట్లో గొడవ పడ్డారనుకోరూ?" వరండాలోంచి తాతాజీ, "ఊరికే తలుపులు తీస్తూ మూస్తూ ఉంటే బ్యాటరీ అయిపోద్దంట!" అని అరిచాడు. మర్నాటినుంచి గణేష్‌బాబు కీ జేబులో వేసుకుని వెళ్ళడం మొదలుపెట్టాడు.

"కీ ఇంట్లో ఉంచి వెళ్ళరా" అంది.

"నీకెందుకే అమ్మా? నడుపుతావా ఏంటి?"

కూర్చోడానికి అని డాక్టరమ్మతో అనగలిగిన మాట కన్నకొడుకుతో అనలేకపోయింది. నిజంగా తెలుసుకోవాలని అడిగితే మాట సులువుగా వస్తుంది. కార్తీకమంతా కారు తిరిగింది. వనభోజనాలకి, కొడుకు స్నేహితుల ఫొటోలకి, బావగారి చుట్టాల గృహప్రవేశాలకి. తిరిగొచ్చిన కారు మాత్రం పొద్దున్నే ఆమెదయ్యేది. బకెట్టూ గుడ్డా తీసుకుని, పైనుంచి కిందకి కడిగేది. "కారు కడగడం మా అమ్మ తర్వాతే ఎవరైనా" అని గణేష్‌బాబు స్నేహితులకి గొప్పగా చెప్పేవాడు. అందులో ఎంత ప్రేముందో కూడా ఆమెకి తెలుసు. ఆ ప్రేమతోనే విసుగు మరీ ఎక్కువయ్యేది.

మార్గశిరంలో ద్రాక్షారామంలో తాతాజీ మేనల్లుడి పెళ్ళి వచ్చింది. "ఇవాళ నువ్వూ రావే, నీ కారులో" అన్నాడు కొడుకు. కొత్త చీర కట్టుకుంది. ముందు సీట్లో తాతాజీ కూర్చున్నాడు. వెనక ఆమె, రామతులసి, రామతులసి తల్లీ. ఊరు దాటకముందే మొదటి స్పీడు బ్రేకరు దగ్గర అడుగున బర్రుమని గీసుకుంది. గణేష్‌బాబుకి ప్రాణం విలవిల్లాడిపోయింది. "బరువెక్కువైంది. అమ్మా, కాస్త దిగవే. దాటాక ఎక్కుదువుగాని."

దిగింది. కారు ఏటవాలుగా, గర్భిణీ మనిషిలా మెల్లగా దాటింది. నడిచి వెళ్ళి ఎక్కింది. తర్వాతదాని దగ్గర అతను చెప్పనక్కర్లేకపోయింది, అద్దంలోంచి చూశాడు, ఆమె తలుపు తీసుకుంది. తాతాజీకి మోకాళ్ళు. రామతులసికి పట్టుచీర. వాళ్ళమ్మ చుట్టం. దిగాల్సిన మనిషి ఎవరో కారులో అందరికీ ముందే తెలుసు. ఒకచోట రోడ్డు సగం మేర ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్ళు పేర్చి ఉంది. ఆ పక్కనే స్పీడు బ్రేకరు. ధాన్యం తొక్కకుండా అంచునే నడిచి వస్తుంటే, పార పట్టుకున్న ఒకావిడ నవ్వింది. "ఏంటమ్మోయ్, అంత కారుండి నడుస్తున్నావు?"

"కారు నాదే వదినా. అందుకే నడుస్తున్నాను" అంది వీరదుర్గ.

ద్రాక్షారామం చేరేసరికి పదకొండుసార్లు దిగింది. తిరుగు దారిలో పదకొండుసార్లు. ఇరవై రెండోసారి దిగినప్పుడు కారు దాటి, కొంచెం ముందుకెళ్ళి ఆగింది. వెనక ఎర్ర దీపాలు వెలిగాయి. అక్కడికి వెళ్ళి తలుపు తీసుకుని కూర్చోవడానికి ఇరవై అడుగులు వెయ్యాలి. ఆ ఇరవై అడుగులు వెయ్యడానికి తన దగ్గర ఏమీ మిగల్లేదని ఆమెకి మొదటిసారి తెలిసింది. అయినా వేసింది. ఎక్కి కూర్చున్నాక రామతులసి, "అలసిపోయారా అత్తయ్యగారూ? వెళ్ళగానే చపాతీలు చాలులెండి, కూరొద్దు" అంది.

చపాతీల వరకూ కూడా రాలేదు. వంతెన దగ్గర తాతాజీ, పెళ్ళి భోజనంలో రెండుసార్లు వడ్డించుకున్న పనసపొట్టు కూరంతా కాళ్ళ దగ్గరే కక్కేసుకున్నాడు. ఇల్లు చేరాక తల పట్టుకుని, "అమ్మాయ్, పొద్దున్నే కాస్త ఆ కారు సంగతి చూడు" అన్నాడు. గణేష్‌బాబు కీ ఆమె చేతిలో పెట్టాడు. "తొమ్మిదింటికి నాకు కాకినాడలో పనుంది. అప్పటికి వాసన లేకుండా చేసెయ్యవే అమ్మా."

కారు కొన్నాక కొడుకు ఆమె చేతికి కీ ఇవ్వడం అదే మొదటిసారి.

మర్నాడు తొమ్మిదింటికి గణేష్‌బాబు తెల్లచొక్కా వేసుకుని వచ్చి కూర్చుని బొత్తాం నొక్కాడు. ఏమీ జరగలేదు. మళ్ళీ నొక్కాడు. దీపాలు ఒక్కసారి వెలిగి, అన్నీ ఆరిపోయాయి. కాళ్ళ కింద తడి చూసుకున్నాడు. చెప్పులు చిత్తడిలో మునిగాయి.

"అమ్మా! లోపల నీళ్ళు పోశావా?"

"కడగమన్నావుగా."

రాజమండ్రినుంచి డేనియల్ అని పెద్ద కార్లు చూసే మెకానిక్కుని రప్పించారు. అతను సీట్లు పైకెత్తి, పట్టా కింద చెయ్యి పెట్టి చూసి తల పట్టుకున్నాడు. సీటు కింద నల్ల పెట్టె ఒకటి నీళ్ళలో నానుతోంది.

"ఎవరండీ నీళ్ళు కొట్టింది? ఈ కార్ల మెదడంతా ఇక్కడే ఉంటాదండి."

"మా అమ్మండి" అన్నాడు గణేష్‌బాబు. "చదువు లేదండి ఆవిడకి. ఏం తెలుసు పాపం."

"అంబాసిడర్ అనుకుంది" అన్నాడు తాతాజీ. "మా తమ్ముడి బండి ఇలాగే కడిగేది. ఆడాళ్ళ చేతికి ఇలాంటివిస్తే ఇంతే."

రామతులసి ఇంట్లోకి వెళ్ళి, అత్తగారికి కాఫీ కలిపి తెచ్చిచ్చింది. ఆ ఇంట్లో వీరదుర్గ చేతికి ఎవరైనా కాఫీ తెచ్చివ్వడం అదే మొదలు. గ్లాసు అందిస్తూ కోడలు ఆమె మొహంలోకి కొంచెం ఎక్కువసేపే చూసింది.

ఆ పెట్టె మద్రాసునుంచి రావాలనీ, దానికయ్యే ఖర్చుతో ట్రాలీ బండికి సగం వస్తుందనీ డేనియల్ చెప్పాడు. గణేష్‌బాబు నేలకేసి చూసి, "తుక్కుకింద అమ్మేద్దాం. అమ్మా, కాగితాలు తీసుకురా, సంతకం పెడుదువుగాని" అన్నాడు.

"పెట్టను."

"ఏంటీ?"

"పెట్టనురా. నా కారు. ఉండనీ."

"కదలని కారు ఏం చేసుకుంటావే!"

గణేష్‌బాబు విసురుగా బస్సుకి వెళ్ళిపోయాడు. తాతాజీ లోపలికి వెళ్ళి టీవీ పెట్టుకున్నాడు. డేనియల్ సామాను సర్దుకుంటూ, పెద్దావిడని చూసి జాలిపడ్డాడు. "బెంగెట్టుకోకండమ్మా. ఇంజను బంగారం. మీరెప్పుడు ఆ పెట్టె వేయించినా నడుస్తాది. ఇదిగో, ఇది చూడండి." నల్లటి రిమోటు తిప్పి, పక్కనున్న మీట నొక్కి, లోపలినుంచి వేలెడంత ఉక్కు తాళంచెవి లాగాడు. "కరెంటు చచ్చిపోయినా దీంతో తెరుచుకుంటాది. కాకపోతే ఒక్క డ్రైవరు తలుపే."

"డ్రైవింగు నేర్పే చోటు కడియంలో ఉందా బాబూ?"

"ఉందమ్మా. ఎవరికి?"

"నాకే. నేర్చుకున్నాక కబురు చేస్తాను, పెట్టె తెచ్చుకు రా."

వారానికి ఎండకి పట్టాలు ఆరిపోయాయి, కంపు పోయింది. గణేష్‌బాబు బైకు మీద తిరుగుతున్నాడు. అలకతో రెండు రోజులు మాటాడలేదు, మూడో రోజు టవలు ఎక్కడుందని అడిగాడు. కారుని ఇంట్లో ఎవరూ తలుచుకోవడం మానేశారు. అది నీడవల కింద, గులాబీ అంట్ల పక్కన, మరో పెద్ద కుండీలా ఉండిపోయింది.

ఒక మధ్యాహ్నం మొక్కలకి నీళ్ళు పెట్టి, చేతులు కడుక్కుని, వీరదుర్గ బొడ్డులోంచి ఉక్కు తాళంచెవి తీసింది. డ్రైవరు తలుపు తెరిచింది. స్టీరింగు వెనక కూర్చుంది. ఇన్నేళ్ళు కార్ల చుట్టూ తిరిగినా ఆ సీటు ఇంత లోతుగా ఉంటుందని ఆమెకి తెలీదు. తలుపు లాగింది. ఠప్పుమంది. మార్గశిరం చల్లదనం, ఆకుపచ్చ నీడ, కాలువ మీద గాలి. లోపల చప్పుడన్నది లేదు. వరండాలో తాతాజీ నోరు తెరిచి ఏదో అడుగుతున్నాడు. మాత్రలే అయ్యుంటాయి. రామతులసి గడపలో నిలబడి కారు వైపు ఒకసారి చూసి, ఆయనకేదో చెప్పి, మాత్రల డబ్బా తనే తీసుకెళ్ళింది.

నోటు పుస్తకంలోంచి డాక్టరమ్మ కాగితం తీసి ఒళ్ళో పరుచుకుంది వీరదుర్గ. మడతల దగ్గర అరిగిపోయింది. చిట్టచివర, రెండు గీతల పైన, ఆ ఆఖరి మాట: లోపల నీళ్ళు పొయ్యకూడదు, సీట్ల కింద దాని మెదడు ఉంటుంది. వేలు ఆనించకుండానే చదవగలుగుతోంది ఇప్పుడు. ద్రాక్షారామం పెళ్ళి మర్నాటి పొద్దున వంటింటి గట్టు దగ్గర మాత్రం ఒక్కొక్క అక్షరం కిందా వేలు పెట్టి చదివింది, ఒక్కటి కూడా తప్పు పోకూడదని. చదివి, కాగితం మడిచి పెట్టి, అప్పుడు బకెట్టు ఎత్తింది.